కడిగితే పోయే జబ్బు

పోయినవారం మనం కొత్త కోడల్ని షెడ్డు గేటు దగ్గర నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. నిలబడి ఉందనడం మాటవరసకే. కాలు కాలిన పిల్లిలా గేటు నుంచి గుంత దాకా, గుంత నుంచి గేటు దాకా తిరుగుతోంది.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు. ఆ ఇంటివాళ్ళకి రెండు లారీలు, ఒకటి నీలం బండి, ఒకటి పచ్చ బండి. ఇంటి ముందే షెడ్డు, అందులో బండి కిందికి దిగి చూడటానికో గుంత. మామయ్య మెకానిక్కు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన 'బాగుంది' అన్న బండిని ఇంకొకరు బాగోలేదన్న పాపాన పోలేదు. నీలం బండి నడిపేది ఆయన కొడుకు, అంటే మన కోడలి భర్త. పెళ్ళై నలభై రెండు రోజులు. (ఆమె లెక్కపెడుతోంది. ఎవరైనా అడిగితే బావుణ్ణని చూస్తోంది కూడా.) ఆ నలభై రెండు రోజుల్లో నాలుగుసార్లు అతను దారి మధ్యలోంచి వెనక్కి వచ్చాడు. "స్టీరింగు ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది నాన్నా. కాసేపటికి దానంతటదే వదులుతోంది" అన్నాడు. నాలుగుసార్లూ మామయ్య బండిని గుంత ఎక్కించి చూశాడు. ఆయిలు నిండుగా ఉంది. ఆ ఆయిల్ని స్టీరింగుకి నెట్టే పంపు బాగుంది. స్టీరింగు చూపుడువేలితో తిప్పితే తిరిగింది. జబ్బు బండికి కాదు, పెళ్ళాన్ని వదిలి వెళ్ళలేని మొగుడికని షెడ్డంతా తేల్చేసింది.

నిన్న మామయ్య తీర్పు చెప్పాడు. బండ్లు మార్చుకోమన్నాడు. పచ్చ బండిలో టైల్సు వేసుకుని కొడుకు కొండ దాటి వెళ్ళాలి. ఎప్పుడూ పచ్చ బండి నడిపే మీసాల బాబాయి నీలం బండిని గిడ్డంగికి తోలుకెళ్ళి రావాలి. ఆయన చేతిలో నీలం బండి బుద్ధిగా నడిచొచ్చిందా, కొడుకు ఇక స్టీరింగు ముట్టుకోకూడదు. షెడ్డులో పంక్చర్లు వేసుకోవాలి.

ఇక ఈ వారంలోకి వద్దాం.

పొద్దున తొమ్మిదికి రెండు బండ్లూ ఒకేసారి బయలుదేరాయి. ఆమె భర్త పచ్చ బండి కాబిన్ మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగాడు. మామూలుగా అయితే అక్కడ ఒక నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వు కోసమే ఆమె పొయ్యి తగ్గించి మరీ పరిగెత్తుకొస్తుంది. ఇవాళ నవ్వలేదు.

"నువ్వైనా నమ్ముతున్నావా నన్ను?" అన్నాడు మెల్లగా.

"నమ్మకపోతే అన్ని గీతలు గీస్తానా?" అంది ఆమె.

గీతలంటే ఆమె నోటుపుస్తకంలోవి. డిగ్రీలో గణాంకశాస్త్రం చదివింది మరి. పెళ్ళికి వచ్చిన కానుకల్లో ఆమెకి అన్నిటికంటే నచ్చింది, ఎవరిచ్చారో తెలియని ఒక గళ్ళ నోటుపుస్తకం. కొత్త కాగితం వాసన, చెక్కిన పెన్సిలు, అంగుళం అంగుళం గుర్తులున్న స్టీలు స్కేలు. ఈ మూడూ చేతికిస్తే ఆమెకి పూటకో పండగ. స్టీరింగు బిగుసుకున్న ప్రతిసారీ భర్తని కూర్చోబెట్టి అడిగి రాసుకుంది. ఎన్నింటికి బయలుదేరావు, ఎన్నింటికి బిగిసింది, ఎత్తా, పల్లమా, లోడెంత, ఏ గేరు. అతను విసుక్కోకుండా చెప్పేవాడు. చెబుతూ చెబుతూ ఆమె జడలోంచి ఒక పాయ లాగి వేలికి చుట్టుకునేవాడు. అందుకే కొన్ని గళ్ళలో అంకెలు వంకరపోయాయి.

ఆ పుస్తకం ఇప్పుడు ఆమె చంకలో ఉంది. పదకొండుంపావు. గేటు దాకా వెళ్ళింది, వచ్చింది.

"ఆ నేల అరిగిపోతుందే తల్లీ" అంది అత్తయ్య వరండాలోంచి. "కూర్చో. నేనూ ఒకప్పుడు ఇలాగే తిరిగాను. నేను తిరిగానని బండి ముందు రాలేదు."

"కూర్చుంటే ఇంకా ఆలస్యంగా వస్తుందేమోనని భయం అత్తయ్యా."

తిరుగుతూనే పుస్తకం తెరిచింది. నాలుగు వరసలు. బిగిసిన ప్రతిసారీ బండి గంటన్నరకి పైగా నడిచి ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడో, చిన్న గేరులో పల్లం దిగేటప్పుడో బిగిసింది. అంటే ఇంజను గొంతు చించుకునేటప్పుడే. ఇదంతా నిన్నే చూసింది. మామయ్యకి చెప్పింది కూడా. "అన్ని బండ్లూ ఎత్తులో అరుస్తాయమ్మాయ్" అని ఆయన స్పానరు తుడుచుకున్నాడు.

చివరి గడి మీద చూపు ఆగింది. 'షెడ్డులో: కడిగారు. ఏమీ లేదు.' రెండోసారి: 'కడిగారు. ఏమీ లేదు.' మూడు, నాలుగు, అంతే. 'కడిగారు' అన్న మాట ఎందుకు రాసిందో గుర్తొచ్చి నవ్వొచ్చింది. పంపుతో నీళ్ళు కొడుతుంటే తుంపరల్లో చిన్న ఇంద్రధనుస్సు పడుతుంది. అది చూడటం ఇష్టం కాబట్టి రాసుకుంది.

నవ్వు సగంలో ఆగిపోయింది.

కడిగారు. ఏమీ లేదు.

సరిగ్గా అప్పుడే సందు చివర హారను మోగింది.

నీలం బండి వచ్చింది. మీసాల బాబాయి ఆ గేటులోకి బండి తిప్పడం ఒక వేడుక. ఒంటి చేత్తో, బీడీ తీయకుండా, ఒక్క తిప్పు. ఇవాళ గేటు ముందు ఆగాడు. వెనక్కి పోయాడు. మళ్ళీ ముందుకొచ్చాడు. మళ్ళీ వెనక్కి. మూడోసారికి గేటు స్తంభానికి జానెడు దూరంలో లోపలికి దూరాడు. బీడీ నోట్లో ఉంది గాని ఆరిపోయింది.

"ఏమయ్యా, ఎలా ఉంది?" మామయ్య షెడ్డులోంచి అరిచాడు.

"భేషుగ్గా ఉంది! వెన్నపూస అనుకో!" కాబిన్‌లోంచే జవాబిచ్చాడు బాబాయి. "నేను ముందే చెప్పలా? కొత్త పెళ్ళికొడుకు పొద్దెరగడని! బండికేం కాలేదు. కడిగేసి వస్తా."

బండి నేరుగా నీళ్ళ గచ్చు వైపు కదిలింది. ఆ షెడ్డులో అది చట్టం. కడగని బండి గుంత ఎక్కదు. ఎప్పుడో పదేళ్ళ కిందట విప్పిన గేరుబాక్సులో పైనుంచి మట్టిపెళ్ళ పడి, బాక్సంతా పాడైంది. అప్పట్నుంచీ దేవుడే బండేసుకొచ్చినా మామయ్య ముందు నీళ్ళు కొట్టిస్తాడు. అరగంట ఆరబెట్టి, ఆ తర్వాతే చేయి వేస్తాడు.

కొత్త కోడలు పరిగెత్తి గచ్చు ముందు అడ్డంగా నిలబడింది. రెండు చేతులూ చాపింది. నోటుపుస్తకం కింద పడింది.

"కడగొద్దు!"

బాబాయి బ్రేకు తొక్కాడు. "అయ్యో కోడలమ్మా! పక్కకి జరుగు తల్లీ!"

"జరగను. ఇంజను ఆపకండి బాబాయ్. ఆపితే నా మీద ఒట్టే."

మామయ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన కోపంగా ఉన్నాడో లేదో ఆమెకి ఇంకా తెలియదు. నలభై రెండు రోజుల్లో మనిషి మొహం చదవడం రాదు. ముఖ్యంగా సగం మొహం గ్రీజైతే.

"ఏంటమ్మాయ్ ఇది?"

"మామయ్యా, ఈ ఒక్కసారికి కడక్కుండా గుంత ఎక్కించండి. వేడివేడిగా. ఇప్పుడే."

"నా గుంతకో పద్ధతుంది."

"తెలుసు. ఆ పద్ధతే..."  ఆగి, ఇంకోలా మొదలెట్టింది. "జ్వరమొచ్చిన మనిషికి చన్నీళ్ళతో స్నానం చేయించి, అరగంట నీడలో పడుకోబెట్టి, అప్పుడు నుదురు పట్టుకుని చూస్తే జ్వరం కనపడుతుందా?"

షెడ్డులో ఎక్కడో స్పానరు చప్పుడు ఆగింది. వరండాలో అత్తయ్య లేచి నిలబడింది.

"బండికి జ్వరమేంటి?" అన్నాడు మామయ్య.

"ఏమో మామయ్యా, నాకు బండి తెలియదు. లెక్క తెలుసు. నాలుగుసార్లు బిగిసింది, నాలుగుసార్లూ వేడి మీదే. నాలుగుసార్లూ మీరు చూసింది చల్లారాకే. మీరు చూసిన బండీ ఆయన నడిపిన బండీ ఒకటి కాదు."

"చాల్లే. బాబాయి ఇప్పుడే నడుపుకొచ్చాడు. వేడి మీదే ఉందిగా? వెన్నపూస అంటున్నాడుగా?"

ఆమె కాబిన్ వైపు తిరిగింది. "బాబాయ్, మీ చేతులోసారి చూపించండి."

"చేతులా? ఎందుకూ? చేతులు చేతుల్లానే ఉన్నాయి." భుజమ్మీది తువ్వాలు తీసి చేతులకి చుట్టుకున్నాడు బాబాయి. తేలు కుట్టిన దొంగ కూడా అంత తొందరపడడు.

"చూపించవయ్యా" అన్నాడు మామయ్య.

తువ్వాలు జారింది. అరచేతులు రెండూ కందిపోయి ఉన్నాయి. కుడి బొటనవేలి మొదట్లో చర్మం లేచింది. మోచేతుల దాకా నరాలు ఇంకా అదురుతున్నాయి.

బాబాయి ఆరిన బీడీ తీసి కిటికీలోంచి పారేశాడు.

"కాలవ మలుపు దగ్గర" అన్నాడు బాబాయి చివరికి. ఆయన మీసం కూడా కిందికి వాలినట్టనిపించింది. "వంతెన ఎత్తెక్కి మలుపు కొట్టబోతే తిరగలా. గోడని తిప్పినట్టుంది. ఎదురుగా సైకిలు మీద ఎవరో పెద్దాయన. ఎలా తిప్పానో నాకే తెలియదు. ఒంట్లో నీరంతా చెమటైపోయింది. అవతల ఆపుకుని కూచున్నా. పావుగంటకి మళ్ళీ వేలితో తిరిగింది. అచ్చం కుర్రాడు చెప్పినట్టే."

"మరి బాగుందన్నావే!"

"అన్నాను. నలుగురిలో వాణ్ణి అంత ఎగతాళి చేశాక, ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు?"

మామయ్య వంగాడు. కింద పడ్డ నోటుపుస్తకం తీసి, గ్రీజు అంటకుండా రెండు వేళ్ళతో పట్టుకుని, కోడలి చేతికిచ్చాడు. తర్వాత గుంత వైపు చెయ్యి చూపించాడు.

"ఎక్కించు."

మట్టి కారుతున్న బండి ఆ గుంత మీదికి ఎక్కడం షెడ్డులో అందరూ వింతగా చూశారు. మామయ్య గుంతలోకి దిగాడు. పిలవకుండానే ఆమె కూడా దిగింది. నలభై రెండు రోజులుగా ఆ మెట్లు దిగాలని ఆమెకి ఎంత సరదానో! తలమీద ఒక ప్రపంచం, గొట్టాలు, గొలుసులు, చెమటలా కారే ఆయిలు. టార్చి ఆమె చేతికే వచ్చింది.

"తిప్పు!" మామయ్య అరిచాడు.

పైన బాబాయి తిప్పాడు. "తిరుగుతోంది!"

మామయ్య ఆమెకేసి చూశాడు. ఆ చూపు ఈసారి ఆమెకి అర్థమైంది.  నాలుగు వరసలూ అబద్ధమా?

"అరిపించండి మామయ్యా" అంది. "ఇంజన్ని అరిపించండి. అరిచినప్పుడే కదా బిగిసేది."

"రేస్ చెయ్యి! చేస్తూ తిప్పు!"

ఇంజను అరిచింది. గుంత గోడలు దద్దరిల్లాయి. పైనుంచి బాబాయి గొంతు చీలిపోయింది. "బిగిసింది! బిగిసిందయ్యో!"

టార్చి వెలుగు అటూ ఇటూ వెతికి ఒకచోట ఆగింది. ఆయిలు డబ్బా నుంచి పంపులోకి వెళ్ళే లావుపాటి నల్ల గొట్టం. చూస్తుండగానే పళ్ళు ఊడిన ముసలాయన బుగ్గల్లా లోపలికి నొక్కుకుపోయింది.

"వదులు!"

ఇంజను తగ్గింది. గొట్టం ఊపిరి పీల్చుకున్నట్టు మళ్ళీ గుండ్రంగా అయింది.

"చూశావా" అన్నాడు మామయ్య, ఎవరితోనో తెలియకుండా. "పంపు నెమ్మదిగా తిరిగితే మెల్లగా తాగుతుంది. అరిస్తే ఆబగా తాగుతుంది. వేడికి మెత్తబడ్డ గొట్టం ఆ ఆబకి ఆగలేక మూసుకుపోతోంది. ఆయిలు అందకపోతే స్టీరింగుకి బలమెక్కడిది?" పైకి చెయ్యి చాపాడు. "బకెట్టు నీళ్ళివ్వండి!"

మగ్గుతో గొట్టం మీద నీళ్ళు కొట్టాడు. బుస్సుమని ఆవిరి లేచింది. మళ్ళీ రేస్. మళ్ళీ తిప్పు. గొట్టం నిక్కబొడుచుకుని నిలబడింది.

"తిరుగుతోంది! వెన్నపూస!" అని, వెంటనే నాలుక కరుచుకుని, "నిజం వెన్నపూస" అన్నాడు బాబాయి.

ఆమెకి గుంతలోనే ఎగిరి గంతెయ్యాలనిపించింది. తల తగులుతుందని ఆగింది. అతను సాయంత్రం వస్తాడు. కాబిన్ మెట్టు మీద కాలు పెడతాడు. ఏమీ చెప్పకుండా నోటుపుస్తకం చేతిలో పెట్టాలి. ఐదో వరస చదివి అతని మొహం ఎలా మారుతుందో దగ్గర్నుంచి చూడాలి. పంక్చర్లట, పంక్చర్లు!

"నాలుగుసార్లు" అంటున్నాడు మామయ్య మగ్గుకేసి చూస్తూ. "నాలుగుసార్లు నా చేత్తో నేనే జబ్బు కడిగేసి, జబ్బు లేదన్నాను. వాడు చెబుతూనే ఉన్నాడు."

ఇంజను ఆపించి, క్లిప్పులు వదులు చేసి గొట్టం ఊడదీశాడు. బ్లేడుతో నిలువునా చీల్చాడు. లోపలి పొర ఉబ్బి, ఊడి, నానిన అట్టలా వేళ్ళాడుతోంది. మామయ్య దాన్ని తిరగేసి బయటి రబ్బరు మీద మసి తుడిచాడు. అక్కడ తెల్లగా ఒక సన్నని గీత బయటపడింది.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఏంటి మామయ్యా?"

"ఇది ఆయిలు గొట్టం కాదమ్మాయ్. ఈ తెల్ల గీతుంటే రేడియేటర్ నీళ్ళ గొట్టం. దీనికి ఆయిలు పడదు. తాగి తాగి ఉబ్బిపోతుంది."

"ఎవరు వేశారు?"

"ఎవరు వేస్తారు? ఈ షెడ్డులో నేను కాక." గుంత మెట్టు మీద కూలబడ్డాడు. "మీ పెళ్ళికి వారం ముందు పాతది చిట్లింది. ఆయిలు గొట్టం కొట్లో లేదు. రెండ్రోజులకని ఇది వేశా. తర్వాత పెళ్ళి హడావుడి. మర్చిపోయా. కొత్త ముక్కే కదా అని..." చీల్చిన గొట్టం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కొత్త ముక్కే కదా అని?"

జవాబు బాబాయి దగ్గర్నుంచి వచ్చింది. ఆయన గుంత అంచున చతికిలబడి కిందికి వంగి చూస్తున్నాడు. 

"ఆ రోజే నా బండికీ గొట్టం మార్చావు కదూ? ఎలాగూ పాతబడిందని. రెండు మూరల ముక్క తెచ్చి సగం దీనికి, సగం దానికి కోశావు. నేనే పట్టుకున్నా."

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ గుంత ఒక్కసారిగా లోతైపోయింది.

"మరి పచ్చ బండికి ఎప్పుడూ బిగుసుకోలేదే?" అంది.

"పచ్చ బండితో నేను పోయేదంతా మైదానమమ్మా, ఆ కాలవ వంతెన కూడా ఎక్కను. గంట దూరం. అది ఎత్తెక్కిందెప్పుడు, వేడెక్కిందెప్పుడు?" అన్నాడు బాబాయి. "కొండ ఎక్కడం దానికి ఇవాళే మొదలు."

బయలుదేరింది తొమ్మిదికి. గోడ గడియారం పన్నెండు దాటి ఐదు నిమిషాలు చూపిస్తోంది. ఆమె మెట్లు ఎలా ఎక్కిందో, ఫోను ఎవరందించారో గుర్తులేదు. వేలు రెండుసార్లు తప్పు చోట నొక్కింది. మోగింది. మోగింది. మోగింది.

"ఏమోయ్!" స్పీకరులో అతని గొంతు, వెనకాల ఇంజను హోరు. "బాబాయి వచ్చాడా? నా శిక్ష ఖాయమైందా?"

"బండి ఆపు! ఎక్కడున్నావు? ముందు ఆపు!"

"ఆపడానికి ఇక్కడ చోటేది? కొండ దిగుతున్నా. మలుపు మీద మలుపు. ఏమైంది?"

మామయ్య ఫోను లాక్కున్నాడు.  నాలుగుసార్లు గొంతు దాకా రావాల్సి, ఒక్కసారీ రాని మాట ఇప్పుడు వచ్చింది. "ఒరేయ్... నువ్వు చెప్పింది నిజమేరా. తప్పు నాది."

 అవతల అతని గొంతులో నవ్వు పూర్తిగా పోయింది.

"ఆ మాట తర్వాత నాన్నా. ఎక్కేటప్పుడే రెండుసార్లు బరువనిపించింది. పచ్చ బండి కదా, అందరూ అన్నట్టు నా అనుమానమే కాబోలనుకున్నా. ఇప్పుడు... ఇప్పుడు తిరగట్లేదు నాన్నా. ఎదర పెద్ద మలుపుంది. బ్రేకులు కూడా కాలిన వాసనొస్తున్నాయి."

మామయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆయనకి ఎందుకు రాలేదో ఆమెకి అప్పుడే తెలిసింది, కిందటి అరగంటలో ఆ గుంతలో నేర్చుకున్నది చాలు. క్లచ్ తొక్కమంటే ఇంజను అరుపు ఆగుతుంది, గొట్టం తెరుచుకుంటుంది, స్టీరింగు వదులవుతుంది. కానీ అంత బరువునీ పట్టి ఉంచిన గేరు వదిలేస్తుంది, టైల్సు లోడు పల్లంలోకి దూకుతుంది. తొక్కొద్దంటే గేరు పట్టుకునే ఉంటుంది, మలుపు మాత్రం తిరగదు.

షెడ్డంతా ఆయన మొహంలోకే చూస్తోంది. చూడని బండి గురించి ముప్ఫై ఏళ్ళలో ఒక్క మాట చెప్పని మనిషి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఒరేయ్" అన్నాడు. "నేను చెప్పేది కాదు. నీ చేతులకేం తెలుస్తోందో నువ్వు చెప్పు. ఎంత తిరుగుతోంది? ఉన్నదున్నట్టు చెప్పు. నువ్వు ఏది చెబితే అదే."

అవతల ఇంజను అరుస్తోంది. దాని వెనక, అంతకంతకూ దగ్గరవుతూ, ఎదురొచ్చే ఇంకో బండి హారను.